సగం నొక్కి ఆగండి

కిందటి సంక్రాంతికి తెనాలి వెళ్లినప్పుడు మా పిన్ని బీరువా సర్దుతూ అడుగు అరలోంచి ఒక చిన్న నల్ల సంచీ తీసింది. జిప్పు లాగి చూస్తే లోపల వెండిరంగు కెమెరా. అరచేతిలో ఇమిడిపోతుంది. 2009లో అమెరికా వెళ్తూ మా తమ్ముడు వాళ్ల నాన్న చేతిలో పెట్టి వెళ్లిన కెమెరా అది. బాబాయి పోయాక దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

"ఏరా, ఇది ఇంకా పనిచేస్తుందంటావా? చేస్తే నాకు నేర్పి వెళ్లు. వేసవిలో మేడమీద మల్లెపొద విరగబూస్తుంది. పిల్లలకు ఫోటోలు పంపుతాను" అంది.

ఫోన్లో తియ్యొచ్చుగా అని నేను అనలేదు. ఫోన్ పట్టుకుంటే ఫోటో తీసేలోపు ఎవరో ఒకరు పిలుస్తారు, ఏదో ఒక మెసేజ్ మోగుతుంది. కెమెరాకి ఒక్కటే పని. అది చేతిలో ఉన్నంతసేపూ మనకీ ఒక్కటే పని. అరవై ఎనిమిదేళ్ల మనిషి కొత్తగా ఒకటి నేర్చుకుంటానంటే అంతకన్నా మంచి గురువు దొరకడు.

మీ ఇంట్లోనూ ఇలాంటిది ఒకటి ఉండే ఉంటుంది, వెతకండి. లెన్సు విడదీయడానికి వీల్లేకుండా కెమెరాకే బిగించి ఉండే ఈ చిన్న డిజిటల్ కెమెరాలను ఒక్క 2010లోనే జపాన్ కంపెనీలు 10 కోట్లకు పైగా మార్కెట్లోకి పంపాయి. కానన్ ఇక్సస్, సోనీ సైబర్‌షాట్, నికాన్ కూల్‌పిక్స్... పెళ్లికి వెళ్తే ఎవరో ఒకరి చేతికి వేలాడుతూ కనిపించేవి. ఫోన్లు మెరుగయ్యాక అన్నీ బీరువాల్లోకి చేరాయి. ఇప్పుడు కాలేజీ పిల్లలు వాటిని మళ్లీ వెతికి పట్టుకుని మరీ వాడుతున్నారు. కనుక మీ దగ్గరున్నది పాతదని చిన్నబుచ్చకండి.

పాత కెమెరా దొరికితే ముందు బ్యాటరీ బయటికి తీసి చూడండి. ఉబ్బి ఉంటే ఛార్జింగ్ పెట్టవద్దు, కొత్తది కొనండి. మా పిన్ని కెమెరాలోది ఉబ్బలేదు గానీ ఛార్జింగ్ నిలవలేదు. బజార్లో అదే నంబరు బ్యాటరీ కొత్తది దొరికింది. మెమరీ కార్డు కొనేటప్పుడు కూడా ఒక మాట గుర్తుంచుకోండి. 2006కు ముందరి కెమెరాలు చాలావరకు 2 జీబీ దాటిన కార్డును గుర్తుపట్టవు. ఆ తర్వాత నాలుగైదేళ్లలో వచ్చినవి 32 జీబీ దాకా తీసుకుంటాయి. దుకాణంలో 128 జీబీ కార్డు చౌకగా ఇస్తున్నారని తెస్తే అది కెమెరాకు పనికిరాకపోవచ్చు.

తరువాత తేదీ, సమయం సరిచెయ్యండి. బ్యాటరీ తీసేసి ఏళ్లయితే కెమెరా తేదీని మరిచిపోతుంది. ప్రతి ఫోటోలోనూ ఆ క్షణం తేదీని అది లోపల రాసుకుంటుంది. ఈ రోజు తప్పు తేదీ పడితే, పదేళ్ల తరువాత మనవరాలి అన్నప్రాశన ఏ సంవత్సరమో ఫోటో చూసి చెప్పలేం. లెన్సును కళ్లజోడు తుడిచే మెత్తటి గుడ్డతో తుడవండి. చేతికి వేసుకునే తాడును మణికట్టుకు తగిలించుకోండి. ఆ తరువాత కార్డును కెమెరాలోనే ఫార్మాట్ చెయ్యాలి. కానీ దానికన్నా ముందు, దయచేసి, కార్డులో ఏముందో చూడండి.

మేం చూశాం. రెండువందల పైచిలుకు ఫోటోలున్నాయి. పిన్ని ఒక్కొక్కటే జరుపుతూ పోయింది. ఒకచోట ఆగింది. బాబాయి పడక్కుర్చీలో కూర్చుని తల వంచుకుని పేపరు చదువుకుంటున్నాడు. ఎవరో ఎదురుగా నిలబడి జూమ్ లాగి తీశారు. వెనక గోడమీద వేంకటేశ్వరస్వామి క్యాలెండర్. ఫోటో పెద్దది చేసి చూస్తే క్యాలెండర్లో ఆ రోజు తిథి, నక్షత్రం, రాహుకాలం అక్షరమక్షరం చదవొచ్చు. బాబాయి ముఖం మాత్రం మసక.

"రాహుకాలం నాకెందుకురా ఇప్పుడు" అంది పిన్ని, మెల్లగా.

ఆ ఫోటో ఎందుకలా వచ్చిందో చెబుతాను. ఈ చిన్న కెమెరాలు లెన్సును కాస్త ముందుకీ కాస్త వెనక్కీ జరిపి చూసుకుంటాయి. ఎక్కడ అంచులు బాగా తేటగా కనిపిస్తాయో అక్కడ ఆగిపోతాయి. తెల్లకాగితం మీద నల్ల అక్షరాలకన్నా తేటైన అంచులు ఇంకెక్కడున్నాయి? తల వంచుకున్న మనిషి ముఖం దానికి దొరకలేదు, క్యాలెండర్ దొరికింది. ఆ గదిలో మనకు కావలసింది ఎవరో కెమెరాకు తెలియదు. మనం చెప్పాలి. చెప్పడానికి అది ఒక దారి కూడా ఇచ్చింది. అదే బటన్‌ను సగం నొక్కడం.

పైనున్న పెద్ద బటన్‌కు రెండు మెట్లున్నాయి. వేలు మెల్లగా అదిమితే సగంలో చిన్న అడ్డు తగులుతుంది. అక్కడ ఆగండి. తెరమీద చిన్న చతురస్రం పచ్చగా వెలుగుతుంది, చాలా కెమెరాలు చిన్న కూత కూడా పెడతాయి. ఫలానా చోట దృష్టి నిలిపాను, ఇంత వెలుతురు తీసుకుంటాను అని కెమెరా మనకు చెబుతున్న మాట అది. చతురస్రం మీకు కావలసిన ముఖం మీద ఉంటే మిగతా సగం నొక్కండి. క్యాలెండర్ మీద ఉంటే వేలు తీసేసి మళ్లీ మొదలుపెట్టండి.

పిన్ని అప్పుడు అరిసెల పాకం పడుతోంది. గరిటెతో ఒక బొట్టు తీసి నీళ్లపళ్లెంలో వేసి, వేళ్లతో ఉండ చేసి చూసింది. ఉండ నిలబడలేదు. ఇంకొంచెం సేపు ఆగింది.

"ఇంతే పిన్నీ సగం నొక్కడమంటే" అన్నాను. "పాకం చూడకుండా పిండి పోస్తావా?"

ఆమెకు ఇక నేను విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది. ఆ రోజునుంచి ఆమె మాట కూడా అదే. "ఉండు, పాకం చూస్తున్నా" అంటుంది కెమెరా కంటికి ఎదురుగా పెట్టుకుని.

దీంట్లో ఇంకో సుళువుంది. ముఖం ఫోటోకు నట్టనడుమే ఉండనక్కరలేదు. ముందు చతురస్రాన్ని ముఖం మీద పెట్టి సగం నొక్కండి. వేలు అలాగే ఉంచి, కెమెరాను కొంచెం పక్కకు తిప్పి, మనిషి ఒకవైపు, తులసికోట ఒకవైపు వచ్చేలా చూసుకుని అప్పుడు పూర్తిగా నొక్కండి. దృష్టి ముఖం మీదే నిలిచి ఉంటుంది. సున్నం వేసిన గోడలాంటి చోట కెమెరాకు పట్టు దొరకదు, చతురస్రం పచ్చబడదు. అప్పుడు అంతే దూరంలో ఉన్న చీర అంచునో గుమ్మం చెక్కడాన్నో చూపించి సగం నొక్కితే ఇట్టే దొరుకుతుంది.

సగం నొక్కడం తెలియక నేను పోగొట్టుకున్నది ఒకటుంది. మా అక్క పెళ్లిలో తలంబ్రాలు పోసుకునేటప్పుడు నేను పక్కనే ఉన్నాను, చేతిలో ఇలాంటి కెమెరాయే. దోసిళ్లు పైకెత్తగానే ఒక్కసారిగా నొక్కాను. కెమెరా అప్పుడు లెన్సు జరుపుకోవడం మొదలుపెట్టింది. క్లిక్‌మనేసరికి దోసిళ్లు కిందికి వచ్చేశాయి. ఫోటోలో ఖాళీ చేతులు, నేలమీద తలంబ్రాలు మిగిలాయి. ఆ అరక్షణం ఈ కెమెరాలకు అలవాటే. దానికి విరుగుడు మన వేలిలో ఉంది. దోసిలి నింపుకుంటున్నప్పుడే సగం నొక్కి సిద్ధంగా ఉండాలి. చేతులు లేచాక మిగతా సగం నొక్కితే కెమెరా వెంటనే పలుకుతుంది. చెరువులో దూకే కుర్రాడైనా, కేకు మీద కొవ్వొత్తి ఊదే పిల్లైనా ఇదే పద్ధతి.

ఫోటో తీసేముందు ఆగడం ఒకప్పుడు ఎవరూ నేర్పకుండానే వచ్చేది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థానంలో రాజా దీన్‌దయాళ్ ఫోటోలు తీసిన కాలంలో ఒక గాజుపలకకు ఒకటే ఫోటో. మా చిన్నతనంలో రీలుకు 36. అవి కడిగించి ప్రింట్లు వేయించేదాకా ఎలా వచ్చాయో తెలియదు కనుక, ఒక్కో ఫోటోకు ముందు ఇంటిల్లిపాదీ ఆలోచించేవాళ్లం. 1975లో ఈస్ట్‌మన్ కొడాక్ కంపెనీలో స్టీవెన్ సాసన్ అనే యువ ఇంజనీరు తయారుచేసిన తొలి డిజిటల్ కెమెరా బరువు మూడున్నర కిలోల పైమాటే. నూరు వరుసల్లో నూరేసి చుక్కలు, మొత్తం పదివేల చుక్కల నలుపు తెలుపు బొమ్మ. దాన్ని టేప్ క్యాసెట్ మీద రాసుకోవడానికి 23 సెకన్లు పట్టేది. పిన్ని కెమెరా కోటి చుక్కల రంగుల బొమ్మను తీసి కార్డులో పెట్టేసరికి మనం రెండుసార్లు కూడా రెప్ప వెయ్యం. యంత్రం ఆగడం మానేసింది. ఇక ఆగాల్సింది మనమే.

ఇప్పుడు వెలుతురు సంగతి. ఈ కెమెరా లోపల వెలుతురును పట్టుకునే పలక, సెన్సర్ అంటారు, చాలావాటిలో ఆరు మిల్లీమీటర్ల వెడల్పు, నాలుగున్నర మిల్లీమీటర్ల ఎత్తు. ఇంచుమించు కందిబద్దంత. ఫిల్ము కెమెరా రీల్లో ఒక ఫోటో పడే చోటు దానికి ముప్ఫై రెట్లు పెద్దది. వాన కురుస్తుంటే గంగాళం పెట్టినవాడికి దక్కినన్ని నీళ్లు ఉగ్గుగిన్నె పెట్టినవాడికి దక్కవు కదా. అందుకే మసక చీకట్లో ఈ కెమెరా తీసిన ఫోటోల్లో రవ్వలు రవ్వలుగా మచ్చలు పడతాయి. ఎక్కువ మెగాపిక్సెళ్లున్న కెమెరా కొన్నంత మాత్రాన ఇది తీరదు. పెద్ద సెన్సర్ ఉన్నది కొంటే తీరుతుంది. 2012లో సోనీ కంపెనీ ఆర్‌ఎక్స్100 అనే కెమెరాలో దీనికి నాలుగు రెట్ల సెన్సర్ పెట్టి జేబులో పట్టేలా తెచ్చింది. కొత్తది కొనేవాళ్లు మెగాపిక్సెళ్లకన్నా ముందు సెన్సర్ సైజు అడగండి.

ఉన్నదానితో నేర్చుకునేవాళ్లు మాత్రం మనిషిని వెలుతురు దగ్గరికి తీసుకురండి. మనకు నీరెండ అని ఎంత చక్కటి మాటుంది! పొద్దున ఎనిమిదిలోపు, సాయంత్రం అయిదు దాటాక ఏటవాలుగా పడే ఆ ఎండలో ముఖాలు చెయ్యి పెట్టి నిమిరినంత మెత్తగా వస్తాయి. మిట్టమధ్యాహ్నం తియ్యాల్సి వస్తే వసారాలోకో చెట్టు నీడలోకో రమ్మనండి. ఇంట్లో అయితే కిటికీ పక్కన, ముఖం కిటికీవైపు తిప్పి కూర్చోబెట్టండి. కిటికీని వీపు వెనక పెట్టుకుంటే మనిషి నల్లటి నీడలా వస్తారు.

కెమెరా మీది గుర్తుల్లో మొదటి నెలలో నాలుగు తెలిస్తే చాలు. వాటికి ఇంగ్లీషు కూడా అక్కర్లేదు. మెరుపు గుర్తు ఫ్లాష్‌ది. పువ్వు గుర్తు దగ్గరి వస్తువులకు. గడియారం గుర్తు నొక్కాక రెండు సెకన్లో పది సెకన్లో ఆగి తీయడానికి. కూడిక, తీసివేత గుర్తులు ఫోటోను తెల్లగానో నల్లగానో మార్చడానికి.

ఫ్లాష్ వెలుగు మహా అయితే మూడు నాలుగు మీటర్లు పోతుంది. దూరాన వేదికమీద కూచిపూడి జరుగుతుంటే ఇరవయ్యో వరుసలోంచి వేసిన ఫ్లాష్ ముందు వరుసవాళ్ల తలలకే. పూజగదిలో అయితే ఫ్లాష్ దీపకాంతినే మింగేస్తుంది. కార్తీక పౌర్ణమినాడు పిన్ని ఫ్లాష్ ఆపేసి, కెమెరాను పీటమీద పెట్టి, రెండు సెకన్ల గడియారం పెట్టి నొక్కి చెయ్యి తీసేసింది. చేతి వణుకు కెమెరాకు తగల్లేదు. తులసికోట చుట్టూ దీపాలు, వాటి ఎర్రటి వెలుగు గచ్చుమీద పరుచుకోవడం, అన్నీ ఉన్నవి ఉన్నట్టుగా పడ్డాయి. మరి ఫ్లాష్ ఎప్పుడు వాడాలి? నడినెత్తి ఎండలో కళ్లకింద, టోపీకింద నీడలు పడినప్పుడు. పట్టపగలు ఫ్లాష్ ఏమిటనిపిస్తుంది గానీ, వేసి చూడండి, ముఖం తేటపడుతుంది.

జూమ్ లాగకండి, రెండడుగులు ముందుకు వెయ్యండి. జూమ్ లాగేకొద్దీ ఈ లెన్సుల్లోకి వచ్చే వెలుతురు తగ్గుతుంది, చేతి వణుకు మాత్రం ఎక్కువ కనిపిస్తుంది. డిజిటల్ జూమ్ అనేదాన్ని మెనూలోకి వెళ్లి ఆపేయండి. అది బొమ్మను కత్తిరించి సాగదీస్తుందంతే. ఒక్క ముఖాన్నే దగ్గరగా తీసేటప్పుడు మాత్రం ఒక అడుగు వెనక్కి వేసి కొంచెం జూమ్ చెయ్యండి. మరీ ముక్కుకు ఆనించినట్టు తీస్తే ముక్కు పెద్దది, చెవులు చిన్నవి అవుతాయి. పిల్లల్ని తీసేటప్పుడు గొంతుక్కూర్చోండి. వాళ్ల కళ్లెత్తులోంచి చూస్తే ఇల్లంతా వాళ్ల ఇల్లవుతుంది.

వేసవి వచ్చింది, మల్లెలు పూశాయి. పిన్ని పువ్వు గుర్తు పెట్టుకుని నాలుగంగుళాల దగ్గరికి వెళ్లి తీసింది. దృష్టి బాగా నిలిచింది గానీ, పూలు బూడిదరంగులో వచ్చాయని ఫోన్ చేసింది. తప్పు ఆమెది కాదు. తన ఎదుట ఉన్నదంతా కలిపి చూస్తే ఒక నడిమి బూడిదరంగుకు సరిపోతుందని కెమెరా లెక్క. ఎదురుగా అంతా తెలుపే ఉంటే మరీ వెలుగు ఎక్కువైందనుకుని తగ్గిస్తుంది. కూడిక గుర్తు వైపు ఒక మెట్టు జరపమన్నాను. పది నిమిషాల్లో ఫోటో వచ్చింది, అప్పుడే కోసి దోసిట్లో పోసినంత తెల్లగా. నల్లటి వాటికి దీన్ని తిరగెయ్యాలి. 2021లో యునెస్కో జాబితాకెక్కిన రామప్ప గుడికి వెళ్తే, చూరుకింద నిలబడ్డ నల్లరాతి మదనికలను తీసేటప్పుడు తీసివేత వైపు జరపండి. లేకపోతే ఆ నిగనిగలాడే నలుపు వెలిసిపోయి వస్తుంది. ఈ సవరణ సరిపోయిందో లేదో కూడా చాలా కెమెరాల్లో సగం నొక్కినప్పుడే తెరమీద కనబడుతుంది.

మనుషుల దగ్గరికి వద్దాం. మన భాషలో ఫోటో "తీస్తాం", ఫోటో "దిగుతాం". దిగేవాళ్లకు ఏట్లోకి దిగినంత బెరుకు. కెమెరా చూడగానే చేతులు బిగుసుకుంటాయి, నవ్వు ఆగిపోతుంది. క్లిక్ అనగానే ఊపిరి వదిలి, పక్కవాళ్లవైపు చూసి నవ్వుతారు. అసలు ఫోటో అదీ. కనుక ఒకటి తీసి కెమెరా దించకండి. వేలు మళ్లీ సగం నొక్కి ఉంచి, ఆ నవ్వు కోసం ఆగండి. కొత్తవాళ్లనైతే అడిగే తియ్యండి, తీశాక తెరమీద చూపించండి.

జాగ్రత్తలు రెండే. సముద్రం ఒడ్డున ఇసుక ఎగురుతుంటే లెన్సు బయటికి రానివ్వకండి. ఒక్క రేణువు ఇరుక్కున్నా లెన్సు లోపలికి ముడుచుకోదు. వానాకాలంలో కెమెరాను తోలుసంచీలో మూసి ఉంచితే లెన్సుమీద బూజు పడుతుంది. గాలి చొరని డబ్బాలో తేమ పీల్చే సిలికాజెల్ పొట్లాలు వేసి అందులో పెట్టండి. నెలకోసారి బయటికి తీసి నాలుగు ఫోటోలు తీస్తే ఇంకా మంచిది.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట చివరికి అట్టిపెట్టాను. ఫోటోలు కార్డులో వదిలెయ్యకండి. ముందు రెండు చోట్ల కాపీ చేసుకోండి. తరువాత నెలకు పది ఏరి ప్రింట్లు వేయించండి. స్టూడియోల్లో మ్యాక్సీ సైజు అని వేసే 4 బై 6 ప్రింటుకు 22 లక్షల చుక్కలు చాలు. బీరువాల్లో దొరికే ఇలాంటి కెమెరాలు చాలావరకు అంత ఇవ్వగలవు. వెనక పేర్లు, ఊరు, తేదీ రాయండి. బాబాయి ఫోటోలు ఆ కార్డులో పదిహేనేళ్లకు పైగా చీకట్లో ఉన్నాయి. కార్డు చెడిపోకుండా దొరకడం మా అదృష్టం. అదృష్టాన్ని నమ్ముకుని పెద్దవాళ్ల ముఖాల్ని అలా వదిలెయ్యకూడదు.

ఆ రెండువందల్లో వెతగ్గా వెతగ్గా ఒకటి దొరికింది. బాబాయి తులసికోట దగ్గర చెంబు పట్టుకుని మనవైపే చూస్తున్నాడు, కళ్లజోడు అంచు దగ్గర నెరిసిన కనుబొమ వెంట్రుకలు కూడా తెలుస్తున్నాయి. తీసినవాళ్లెవరో ఆ ఒక్కసారి సగం నొక్కి ఆగారు. ఇప్పుడది పిన్ని గదిలో ఫ్రేములో ఉంది.

ఈ సాయంత్రం నీరెండ పడే వేళకు మీ ఇంట్లో పెద్దవాళ్లను వాకిట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టండి. చతురస్రం వాళ్ల ముఖం మీద పెట్టండి. సగం నొక్కి ఆగండి. పచ్చగా వెలిగాక మిగతా సగం నొక్కండి. వారంలోగా ప్రింటు వేయించి వాళ్ల చేతికే ఇవ్వండి.